తడక మీది ‘సా’

కోడేరు,
4-11-2007.

తమ్ముడు విజయ్‌కు,

ఇక్కడ మేమంతా బాగున్నాం. నువ్వెలా ఉన్నావని అడగను. నాన్న జ్ఞాపకార్థం మీరు వేస్తున్న సంచిక కోసం నువ్వు పంపిన ప్రూఫులు చూశాక బాగానే ఉన్నావని తెలిసింది. ఒంట్లో బాగాలేని మనిషి నలభై ఎనిమిది పేజీల అబద్ధాలు అంత ఓపిగ్గా కూర్చలేడు.

నాన్న పోయి వచ్చే నెలకు ఏడాది. డిసెంబరు పదహారున వనపర్తిలో సభ పెడతామన్నారు, సరే అన్నాను. హైదరాబాదులో డాక్టర్లు, ఇంజనీర్లు, రిటైరైన మేనేజర్లు కలిసి మంచి శబ్దం వినడానికని ఒక సంఘం పెట్టుకున్నారనీ, మా నాన్న చేసిన స్పీకర్లను దేవుడి పటాల్లా చూసుకుంటారనీ నువ్వు చెప్పినప్పుడు నవ్వొచ్చింది. మీరు వాటిని గోవిందు ప్యానెల్స్ అంటారు. వనపర్తిలో మాత్రం గోవిందు తడకలు అనేవాళ్లు. కాలేజీ ల్యాబులో మెకానిక్‌గా చేసే మనిషి, కింద డబ్బా లేకుండా, మధ్యలో గుండ్రటి కాగితం లేకుండా, తలుపంత ఎత్తున పల్చటి తడక నిలబెట్టి ఇందులోంచి పాట వస్తుంది అంటే ఊరు ఇంకేం పేరు పెడుతుంది? నేను తడకలు అనే రాస్తాను. నీకు కష్టంగా ఉంటే కళ్లు మూసుకో.

పదకొండో పేజీలో నాన్నది ‘బంగారు చెవి’ అని రాశారు. గాలి కదలికను కూడా పట్టే చెవి అట. నువ్వు పాలిటెక్నిక్ చదివేటప్పుడు ఏడాదిపాటు మా పక్కింట్లో అద్దెకున్నవాడివి. వెనకనుంచి పిలిస్తే నాన్న ఎన్నిసార్లు తిరిగి చూశాడో గుర్తు చేసుకో. ల్యాబులో ఇంజన్ల పక్కన పదేళ్లు నిలబడి కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమది సగం. తడకలోంచి సన్నటి శబ్దం వస్తున్నదో లేదో ఆయన అమ్మను అడిగేవాడు. ఇది మీ సంఘంలో ఎవరికీ తెలియదు, నీకు తప్ప. నువ్వెందుకు రాయలేదో నీకే తెలియాలి.

ఇక ఇరవై రెండో పేజీ. ‘షడ్జమ రహస్యం’. మీ రిటైర్డు ఇంజనీరుగారి వ్యాసం. ప్రతి తడక చట్రం మీద, లోపలి వైపు, పెన్సిలుతో ‘సా’ అని రాసి ఉందట. అంటే గోవిందుగారు తంబుర మీటుతూ ప్రతి తెరనూ షడ్జమానికి శ్రుతి చేశారట. నాలుగు పేజీలు, రెండు పటాలు, ఒక పట్టిక. మా ఇంట్లో తంబుర కాదు కదా, పగిలిన డోలక్కు కూడా లేదు. చదివి చదివి బడిలో మిగతా టీచర్లకు వినిపించాను. రేణుకమ్మ టీచరు నవ్వలేక పొలమారి నీళ్లు తాగింది.

ఆ ‘సా’ ఏమిటో నేను చెబుతాను, రాసుకో. సా అంటే సాయమ్మ. మా అమ్మ.

తడక పని ఎలా జరిగేదో నీకు తెలియనిది కాదు, కానీ నీ సంచికలో ఎక్కడా లేదు గనక రాస్తున్నాను. ఉల్లిపొరకన్నా పల్చటి ప్లాస్టిక్ షీటు. దాన్ని కర్ర చట్రం మీద బిగించాలి. దాని మీద పెన్సిల్ ముల్లు నూరిన పొడి దూదితో రుద్దాలి. ముందొక చిల్లుల రేకు, వెనకొక చిల్లుల రేకు, మధ్యలో ఈ షీటు. పెద్ద కరెంటు ఇస్తే షీటు మొత్తం వణికి పాడుతుంది. వదులుగా ఉంటే పోయి రేకుకు అతుక్కుంటుంది, చిటపటలాడుతుంది. మరీ బిగిస్తే గొంతు పీలగా అయిపోతుంది. రహస్యమంతా ఆ బిగింపులోనే ఉంది. అది గద్వాల మగ్గాల ఇంట్లో పుట్టి, ఆరో ఏటినుంచి పడుగు మీద చెయ్యి పెట్టి పెరిగిన అమ్మకు తెలుసు. నాన్నకు తెలియదు. ఆయన చట్రానికున్న బిగింపు మర తిప్పేవాడు, ఆమె షీటు మీద వేళ్లు పెట్టి చూసేది. అరచేతులు, ముక్కు, పైట అంచు, అన్నీ నల్లగా అయ్యేవి. ఆ చేతులే కడుక్కుని వచ్చి నీకు జొన్నరొట్టె పెట్టింది. నీ నలభై ఎనిమిది పేజీల్లో ఆమె గురించి రెండు మాటలున్నాయి: ‘భార్య సహకారంతో’. పేరు కూడా లేదు.

నా నిర్ణయం చెబుతున్నాను. ఒకటి, వనపర్తి ఇంట్లో ఉన్న చివరి జత తడకలు మీ సభకు ఇవ్వను. సెప్టెంబరులో మీరంతా వచ్చి విన్నారు కదా, అది చాలు. రెండు, షడ్జమం వ్యాసం తీసేయాలి. మూడు, అమ్మను నేనే సభకు తీసుకొస్తాను. వేదికెక్కి ఆ ‘సా’ ఎవరో మైకులో చెబుతాను. మీ బంగారు చెవులతో వినండి.

నీ పక్కింటి అక్క,
స్వరూప.


కోడేరు,
18-11-2007.

విజయ్‌కు,

తమ్ముడు అని రాయబోయి ఆగాను. నీ ఉత్తరం అందింది. ఒకటే మాట మూడు రకాలుగా తిప్పి రాశావు. ‘ఇంటి గొడవలు సభలోకి వద్దు అక్కా.’ అమ్మకు శాలువా కప్పుతామన్నావు. మెమెంటో కూడా ఇస్తామన్నావు. ఆమె నేసే ఇంటి బిడ్డ. ఆమెకు మీరు కొని తెచ్చిన శాలువా కప్పుతారా? జొన్నలు పండించేవాడికి గుప్పెడు జొన్నలు దానం చేసినట్టుంటుంది.

‘సాయమ్మగారు 1984లో గద్వాలకు వెళ్లిపోవడానికీ, గోవిందుగారి కృషికీ సంబంధం లేదు కదా’ అని అమాయకంగా అడిగావు. మీ సంచిక ముప్ఫై తొమ్మిదో పేజీలో, ఒక పెద్ద కంపెనీ తన పనిని కొనుక్కుంటానంటే లొంగక, ఆత్మాభిమానంతో నాన్న 1984లో తయారీ ఆపేశారని ఉంది. ఏ కంపెనీ? ఆ కంపెనీవాళ్లు ఏ బస్సులో దిగారు? నువ్వు మే నెలలో పరీక్షలు రాసి ఊరికి వెళ్లావు, జూన్‌లో జరిగింది నీకు తెలియదు. అప్పుడు తెలియదు సరే. తరవాత ఇరవై మూడేళ్లలో ఒక్కసారైనా అడిగావా?

ఆ రోజు ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఏడో జతలో మొదటి తడక బల్ల మీద పడుకోబెట్టి ఉంది. పొద్దున ఒకసారి కరెంటు ఇచ్చి చూశారు, ఒక మూల చిటపటమంది. ఇంకొంచెం బిగించాలన్నాడు నాన్న. ముందు రేకు విప్పేశాడు. స్విచ్చి ఆపేశాడు, అది నిజం. కానీ తడకకు పెద్ద కరెంటు ఇచ్చే పెట్టెలో అది స్విచ్చి ఆపగానే పోదు. లోపల నిలవ ఉంటుంది. కర్రపిడి ఉన్న తీగతో దాన్ని ఒకసారి తాకించి దించేయాలి. ప్రతిసారీ ఆయనే దించేవాడు. ఆ రోజు దించలేదు. దించకుండానే అమ్మ వైపు చూసి తలూపాడు. ఆ తలూపడం అంటే రా, చెయ్యి పెట్టు అని. అమ్మ చెయ్యి పెట్టింది.

ఎగిరి గోడకు పడింది. అరుపు కూడా రాలేదు. కుడిచేతి వేళ్లు మూడు, కొసలు తెల్లగా కాలిపోయాయి. దవాఖానలో కాంపౌండరు ఏమైందని అడిగితే నాన్న చెప్పిన మాట నా చెవుల్లో ఇప్పటికీ ఉంది.

“నేను చెప్పకముందే ముట్టుకున్నది. తొందర ఎక్కువ.”

ఇంటికొచ్చాక వాడకట్టంతా వచ్చింది. అందరికీ అదే చెప్పాడు. చెప్పీ చెప్పీ ఆయనే నమ్మాడేమో తెలియదు. అమ్మ కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని అందరి ముందూ నన్నడిగింది.

“నువ్వు ఆడనే ఉంటివి గద బిడ్డా. తలకాయ ఊపిండా లేదా, చెప్పు.”

నేను గుమ్మంలో కూర్చుని పుస్తకం చదువుతున్నాను. చూశాను. తలూపడం చూశాను, తీగ గోడకే వేలాడుతుండడం కూడా చూశాను. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు, టీచరు ట్రైనింగులో సీటు వచ్చింది, నాన్న ఇంట్లో ఉండి చదవాలి, నాన్న ఫీజు కట్టాలి. ఇవన్నీ అప్పుడు లెక్క వేసుకున్నానని కాదు. కానీ నోటికి వచ్చింది మాత్రం ఇది.

“నేను చూడలేదమ్మా.”

రాయడానికి ఇంతసేపు పట్టింది. మధ్యలో లేచి వెళ్లి నీళ్లు కూడా తోడి వచ్చాను. నా భర్తకు కూడా ఈ మాట చెప్పలేదు. నీకెందుకు రాస్తున్నానంటే, నువ్వు నాలాగే అమ్మ చేతి అన్నం తిని, చూసింది చూడలేదని రాసినవాడివి. మనిద్దరిదీ ఒకటే జాతి.

కట్టు విప్పాక తోలు వచ్చింది, స్పర్శ రాలేదు. నూలు తెలియని వేళ్లు నేసేవాళ్లకు ఎందుకు? అసలు కట్టు విప్పకముందే, వారం తిరిగేసరికి అమ్మ గద్వాలకు వెళ్లిపోయింది. తన తమ్ముడు వెంకటన్న ఇంట్లో ఉండి ఇప్పటికీ ఎడమచేత్తో నూలు కండెలు చుడుతుంది. నేను పండక్కీ పబ్బానికీ వెళ్తాను, చీర పెడతాను, ఆమె పెడుతుంది, వస్తాను. ఆ మాట మాత్రం మేమిద్దరం ఎత్తలేదు. నాన్న బతికినన్నాళ్లు ఆయన మీద కోపంగా ఉండటం నాకు సులువైంది. పోయాక ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తిరుగుతుంటే నీ ప్రూఫులు వచ్చాయి.

కాబట్టి సభలో ఇదంతా చెబుతాను. నాన్న తలూపడం, నా అబద్ధం, అన్నీ. అమ్మ పక్కనే ఉంటుంది. నీకిష్టం లేకపోతే మైకు తీసేయించు, గొంతు ఉంది. ముప్ఫై మంది పిల్లల మీద అరిచే గొంతు.

స్వరూప.


కోడేరు,
3-12-2007.

తమ్ముడూ,

నిన్న గద్వాల వెళ్లి వచ్చాను. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఈసారి నిన్ను తిట్టడానికి నాకు అర్హత కొంచెం తగ్గింది. పూర్తిగా పోలేదు, సంబరపడకు.

ముందు వనపర్తి పోయి, ఇంట్లో ఉన్న జతలో ఒక తడకను దుప్పట్లో చుట్టి బస్సెక్కించాను. రుజువు చూపించి అమ్మను ఒప్పించాలని. కండక్టరు, తలుపా అమ్మా, గొళ్లెం లేదేంది అని అడిగాడు. ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు మారేటప్పుడు ఇద్దరు సాయం పట్టారు. మామ ఇంట్లో మగ్గం పక్కన గోడకు ఆనించి దుప్పటి తీశాను. అమ్మ ఎడమచేత్తో కండె పట్టుకుని అట్లాగే చూసింది. ఇంత పెద్దగుంటుండెనా, అంది. అంతే.

వెనక రేకు విప్పి చట్రం మీది పెన్సిలు గుర్తు చూపించాను. ఇదిగో, ఇది నీ పేరు, ఇన్నేళ్లు ఎవరికీ తెలియకుండా ఉంది, సభలో అందరికీ చెబుదాం రా అన్నాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని దగ్గరికి వంగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మొహంలో ఏదో మారింది. నేను కన్నీళ్లు అనుకున్నాను. నవ్వు.

“నా పేరు గాదే పిచ్చిదానా. సాలు.”

నాకు అర్థం కాలేదు. ఏం చాలు అన్నాను.

“ఆయన మర తిప్పుతుండె. నేను చెయ్యి పెట్టి చూస్తుంటి. సరిపోయినంక సాలు అంటుంటి. ఆయనకు ఇనపడకపోతుండె గద, నా నోరే చూస్తుండె. సాలు అనంగనే మర ఇడిచిపెట్టి, ఆడ పెన్సిలుతోటి రాస్తుండె. ఇగ ఇంతకన్న తిప్పొద్దు అని గుర్తు.”

తమ్ముడూ, నేను పంతొమ్మిదేళ్లుగా బడిలో తెలుగు చెబుతున్నాను. కోడేరు పిల్లలు పరీక్షల్లో ‘సాలు’ అని రాస్తే ఎర్ర ఇంకుతో కొట్టేసి ‘చాలు’ అని దిద్దుతున్నాను. మీ ఇంజనీరుగారికి అది షడ్జమంలా కనిపించింది, నాకు మా అమ్మ పేరులా కనిపించింది. ఆ చట్రం మీద ఉన్నది మా అమ్మ మాట. ఆమె నోటినుంచి ఎట్లా వచ్చిందో అట్లాగే, దిద్దకుండా రాసినవాడు ఒక్క మా నాన్న. ఇది ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు.

మాటలో మాటగా అమ్మ వంగి, షీటు మీద ఎడమచేతి వేలు ఆనించింది. చెయ్యి తీసేసి, ఇదెవరన్నా ఇంటున్నరా అని అడిగింది. హైదరాబాదువాళ్లు సెప్టెంబరులో వచ్చి విన్నారనీ, మొదటి రోజు మోగినట్టే మోగుతున్నాయని నువ్వు సంచికలో రాశావనీ చెప్పాను. అమ్మ మామ వైపు చూసింది, మామ అమ్మ వైపు చూశాడు.

“గిది పాత నులకమంచం లెక్క వదులైంది. పదేండ్లు అయి ఉంటది. పాపం, వాండ్లకు ఎవరూ చెప్పలేదా?”

మీ దగ్గరున్న మిగతా ఐదు జతలూ అట్లాగే అయ్యుంటాయట. ఎండలకు షీటు సాగుతుంది, ఏడాదికోసారి మర సరిచేయాలి. బట్ట తెలిసిన ఎవరికైనా ఇది తెలుస్తుంది. వదులు షీటు ముందు కూర్చుని మీరు కళ్లు మూసుకుని తలలు ఊపారు. ఇది మాత్రం సంచికలో వేయండి, నా పేరుతోనే.

అమ్మ నన్ను మర తిప్పమంది. ఎడమచెయ్యికి ఎప్పుడూ ఆ పని నేర్పలేదట, కుడిచెయ్యికి ఇప్పుడు స్పర్శ తెలియదు. అందుకని వంగి చెంప ఆనించింది. నేను తిప్పుతూ ఆమె నోటి వైపు చూశాను. నాన్న ఎట్లా చూసి ఉంటాడో అట్లాగే చూశాను. పెదాలు కదులుతాయేమోనని చూడటం తప్ప ఆ పనిలో చెయ్యగలిగింది ఇంకేమీ లేదు. సాలు, అంది. ఆపేశాను. చెంప మీద నల్లటి మరక.

అప్పుడు నోరు తెరిచాను. అమ్మా, ఆ రోజు నేను చూశాను, తలకాయ ఊపాడు, అన్నాను. ఇరవై మూడేళ్లు మోసిన మాట, చెప్పడానికి నిమిషం కూడా పట్టలేదు. అమ్మ పైటతో చెంప తుడుచుకుంది.

“నాకెరుక. నువ్వు చూసినవని నాకెరుక. గందుకే నీతోని ఉండలేదు.”

ఆయనతో కాదు విజయ్, నాతో. ఆయన భయపడి అబద్ధమాడాడు, గట్ల భయపడే మనిషే అని పెళ్లయినప్పటినుంచీ తెలుసు అంది. బిడ్డ అబద్ధమాడితే ఆ ఇంట్లో ఎవరి మొహం చూసి ఉండాలి అంది. కోపంగా అనలేదు. కండె తీసి చుట్టడం మొదలుపెట్టింది. నేను కూర్చున్నాను. ఏడ్చాను కూడా, రాయడానికి సిగ్గేమీ లేదు. ఏడుపు అయ్యేదాకా ఆమె చుట్టడం ఆపలేదు, ఓదార్చలేదు, లేచిపొమ్మని కూడా అనలేదు. ఆ తర్వాత అన్నం పెట్టింది.

తింటుంటే చెప్పింది. వెళ్లిపోయిన రోజు, జూన్ పదిహేడున, గడప అవతల నిలబడి వెనక్కి తిరిగి ఆయనకు ఒక్క మాటే చెప్పిందట. సాలు. ఆయన అలవాటు చొప్పున ఆమె నోటి వైపే చూస్తున్నాడట. ఆమె బస్సెక్కింది. నేనప్పుడు బావి దగ్గర ఉన్నాను.

తిరిగి వస్తూ తడకను ఇంట్లో పెడదామని వనపర్తిలో దిగాను. ఇల్లు అద్దెకిస్తున్నాను కదా, రంగులు వేసే ఈదమ్మ కొడుకు సోమవారంనుంచి పని మొదలుపెడతానన్నాడు. తలుపు తీస్తూ దారబందం చూశాను. కుడివైపు, అమ్మ భుజమంత ఎత్తున, పెన్సిలు గుర్తు ఒకటి ఉంటుంది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లు రోజూ చూశాను. తలుపు బందు కొట్టడానికి వడ్రంగి పెట్టిన కొలత అనుకునేదాన్ని. నిన్న కొంగుతో తుడిచి చదివాను.

సా. 17-6-84.

తమ్ముడూ, ఏ కంపెనీ రాలేదు. ఏ ఆత్మాభిమానమూ లేదు. ఆ గుర్తుకు అర్థం ఆయనకు ఒక్కటే: ఇంతకన్నా తిప్పొద్దు. ఏడో జత చట్రం అట్లాగే ఉంది, మరలు సగం తిప్పి ఉన్నాయి. ఆ తారీఖు తర్వాత ఆయన ఒక్క మర కూడా తిప్పలేదు, ఒక్కసారి కూడా గద్వాల వెళ్లి రమ్మని అడగలేదు. ఆమె మాట ఎప్పుడూ వినలేదని ఇరవై మూడేళ్లు తిట్టుకున్నాను. ఆ ఒక్క మాట మాత్రం ఆయన చచ్చేదాకా విన్నాడు. వినకూడని రోజు కూడా విన్నాడు.

ఆయన్ని క్షమించానని సంచికలో రాసుకోకు. కాంపౌండరుకు చెప్పింది చెప్పిందే.

సభకు నేను రాను. అమ్మ అసలే రాదు. పదకొండు మంది వక్తలు, ఒక్కొక్కరికి అరగంట అని మీ కార్యక్రమం చదివి వినిపిస్తే ఆమె ఏమందో నీకు రాయక్కర్లేదు, ఈపాటికి ఆ మాట నీకు వచ్చే ఉంటుంది. వ్యాసాలు తీసేస్తారో ఉంచుతారో మీ ఇష్టం. అమ్మ మాత్రం ఒకటి చెప్పమంది. ఎవరికైనా తడక బాగు కావాలంటే గద్వాలకు తీసుకురావాలి. ఎవరి తడక వాళ్లే మోసుకురావాలి, మనుషులతో పంపిస్తే చూడదట. మీ డాక్టర్లు బస్సు దిగి తలుపులు మోస్తూ మగ్గాల వీధిలో నడిచే రోజు చెప్పు, బడికి సెలవు పెట్టి వస్తాను. మర నేను తిప్పుతాను.

నాన్న చేతిరాత ఏదైనా ఉంటే ప్రదర్శనలో పెడతామని అడిగావు. ఒకటి ఉంది. ఇవ్వడానికి కుదరదు. రంగులబ్బాయికి చెప్పాను, ఇల్లంతా వెయ్యి, ఆ దారబందం ఒక్కటి వదిలెయ్యమని.

అమ్మకు ఇంకా చెప్పలేదు. ఆదివారం మళ్లీ గద్వాల వెళ్తాను. ఆ గడప దగ్గరికి వస్తుందో రాదో అడుగుతాను. రానంటే ఊరుకుంటాను.

అక్క,
స్వరూప.